ఒక్క కొమ్మకు వచ్చిన కొత్త రంగు



మీ పెరటిలో నాలుగైదేండ్లుగా లేత గులాబి రంగు పూలు పూయుచున్న చెట్టు ఒకటి ఉన్నదనుకొనుడు. ఒకనాటి ఉదయమున చూడగా అన్ని కొమ్మలకును ఎప్పటి పూలే ఉన్నవి. ఒక్క కొమ్మకు మాత్రము తెల్లని పువ్వు పూచినది. అప్పుడు మీరేమి చేయుదురు? కొందరు వింతయని ఇరుగుపొరుగువారికి చూపి, పువ్వును దేవుని పటమునకు పెట్టి, అంతటితో మరచిపోవుదురు. కొందరు తెగులని భయపడి కొమ్మను నరికివేయుదురు. మరి కొందరి యింట, వానలు వెనుకపట్టిన తరువాత కత్తిరింపులు చేయు పనివాడు ఆ కొమ్మ ఏదో ఎరుగక తక్కిన వాటితోపాటు తీసివేయును. ఎట్లయినను ఫలితమొక్కటే. ఆ కొమ్మ పోయినచో ఆ తెల్లపువ్వును మరల తెచ్చుట ఎవరి తరమును కాదు.

ప్రపంచమున పేరుపొందిన గులాబీలలో కొన్ని ఇట్టి కొమ్మలనుండియే వచ్చినవి. వాటిని ఎవరును సంకరపరచి పుట్టింపలేదు. కొమ్మను చూచినవాడు కత్తి ఆపి, గుర్తు కట్టి, అంటు కట్టినందువలననే అవి నిలిచినవి. ఈ కథ పూలతోటలకే చెందినదని తలపవలదు. బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల రైతు వరిని గింజతో పండించును గాని, చెరకును ముచ్చెలతోను, అరటిని పిలకలతోను, పసుపును దుంపలతోను పెంచుచున్నాడు. ఇట్లు ముక్కలతో పెంచు ప్రతి పైరునందును ఈ మార్పు రావచ్చును. దానిని గుర్తించు కన్ను రైతునకు ఉండవలెను.

మొగ్గ మార్పు అనగానేమి?

ప్రతి ఆకు మొదటను ఒక చిన్న కన్ను ఉండును. అదియే చిగిర్చి కొమ్మ యగును. చెట్టునందలి కన్నులన్నియు ఒకే తల్లి శరీరములోనివి గనుక కొమ్మలన్నియు ఒకే తీరున ఉండుట సహజము. కాని బహు అరుదుగా ఒక కన్నులోని ఒక కణమునందు మార్పు కలుగును. ఆ కణమునుండి పుట్టిన భాగమంతయు ఆ మార్పునే పొందును. కొమ్మ ఎదిగి పూచినప్పుడు పువ్వు రంగు వేరుగా కనబడును. దీనినే మొగ్గ మార్పు అందురు. ఇచట మొగ్గ యనగా పూమొగ్గ కాదు, ఆకు మొదటనుండు కన్ను. ఇంగ్లీషు తోటమాలులు దీనికి స్పోర్టు అని పేరు పెట్టిరి. ఛార్లెస్ డార్విన్ 1868లో ప్రకటించిన గ్రంథములో పెంపుడు మొక్కలలోని ఇట్టి మార్పులను ఎన్నింటినో ప్రోగుచేసి, వీటికొక అధ్యాయమునే కేటాయించినాడు.

గింజలో వచ్చు మార్పునకు, దీనికి భేదము కలదు. గింజ తల్లి తండ్రుల గుణములను కలిపి క్రొత్త మొక్కను పుట్టించును. మొగ్గ మార్పునందు చెట్టు చాలవరకు ఆ చెట్టే. ఒక గుణము మాత్రము మారును. కనుక మంచి చెట్టునకు మంచి మార్పు వచ్చినచో, తల్లిలోని మేలు పోకుండ క్రొత్త మేలు చేరును.

టీ గులాబీల వంశము

ఈ సంగతి తేటపడుటకు టీ గులాబీల చరిత్ర చక్కని ఉదాహరణము. వీటి పుట్టిల్లు చైనా. 1809లో సర్ అబ్రహాం హ్యూమ్ పేరు పెట్టిన లేత గులాబి రంగు రకమును, 1824లో జాన్ పార్క్స్ తెచ్చిన లేత పసుపు రకమును ఇంగ్లండు చేరినవి. పువ్వు వాసన అప్పుడే విప్పిన తేయాకు పెట్టె వాసనను పోలియున్నదని టీ అను పేరు వచ్చినదందురు. ఆ కాలమున ఇంగ్లండు, చైనాల నడుమ వ్యాపారము సాగించినది 1611లో మన బందరులో కొట్టు పెట్టిన తూర్పు ఇండియా కంపెనీయే. చైనా గులాబీలు ఇండియా మీదుగా వచ్చుటచే ఫ్రెంచివారు వాటిని బెంగాలు గులాబీలని పిలిచిరి.

టీ గులాబీలు వేడిని సహించును, మంచునకు ఓర్వలేవు. ఏడాదిలో పలుమార్లు పూయును. అందుచే చలిదేశములలో వీటిని అద్దాల ఇండ్లలో పెంచి, చలికాలమున పూలు కోసి పట్టణములకు అమ్ముట పెద్ద వ్యాపారమైనది. ఒక్కొక్క అద్దాల ఇంటిలో ఒకే రకపు మొక్కలు వరుసలు వరుసలుగా నుండెడివి. ఆ మొక్కలన్నియు ఒకే తల్లినుండి తీసిన ముక్కలు. పనివారు ప్రతిదినము ప్రతి మొక్కను చూచి పూలు కోయుదురు. ఇట్టిచోట ఒక్క పువ్వు వేరుగా పూచినను దాగదు. మొగ్గ మార్పులు పలుమారులు అచటనే దొరకుటకు కారణమిది: మొక్కలు ఎక్కువ, చూచు కన్నులు ఎక్కువ.

ఫ్రాన్సు దేశపు లియాన్ పట్టణమున గియో అను నర్సరీవాడు 1869లో కాథరిన్ మెర్మె అను లేత గులాబి రంగు రకమును విడుదల చేసెను. అమెరికాలోని న్యూజెర్సీలో జాన్ మే అను పూల పెంపకందారుని వద్ద దీనికి ఒక తెల్లని కొమ్మ వచ్చినది. దానిని అంటుకట్టి 1885లో ది బ్రైడ్, అనగా పెండ్లికూతురు, అను పేరుతో అమ్మిరి. మరి ఎనిమిదేండ్లకు, 1893లో, అదే రాష్ట్రమున ఫ్రాంక్ మూర్ అను వ్యక్తి అదే తల్లికి వచ్చిన ముదురు గులాబి రంగు కొమ్మను బ్రైడ్స్‌మెయిడ్, అనగా పెండ్లికూతురి చెలికత్తె, అను పేరుతో విడుదల చేసెను. కొన్నియేండ్లపాటు అమెరికా పూల బజారులలో ఈ ఇద్దరు అక్కచెల్లెండ్రదే పైచేయి. తల్లి పేరు క్రమముగా వెనుకబడినది.

పెర్ల్ దె జార్డాం అను పసుపు రకము 1874లో ఫ్రాన్సున వచ్చినది. దాని కొమ్మకు నారింజవన్నె కలిసిన పూలు పూయగా, న్యూయార్కు వర్తకుడు పీటర్ హెండర్సన్ 1880ల తొలినాళ్లలో సన్‌సెట్ అను పేరుతో ప్రచారము చేసెను. మామాన్ కోషె అను గులాబి రంగు రకము 1893లో రాగా, మూడేండ్లలోనే బాల్టిమోరునందు జాన్ కుక్ దాని తెల్లకొమ్మను నిలబెట్టెను. మార్పు రంగునందే రానక్కరలేదు. 1838 నాటి డెవొనియెన్సిస్ అను పొదరకమునకు 1858లో ప్రాకు కొమ్మ వచ్చి, ప్రాకు డెవొనియెన్సిస్ అయినది.

మార్పు చెందిన చెట్టునకు మరల మార్పు రావచ్చును. టీ గులాబీల రక్తము గల ఒఫీలియా అను రకము 1912లో ఇంగ్లండున వెలువడినది. దాని కొమ్మ 1918లో మేడం బటర్‌ఫ్లై అయినది. ఆ మేడం బటర్‌ఫ్లై కొమ్మ 1926లో లేడీ సిల్వియా అయినది. తల్లికంటె బిడ్డ, బిడ్డకంటె మనుమరాలు రంగున మించినవి. ఒఫీలియా తరువాతి ఈ రెండు మార్పులలోను సంకరము లేదు, గింజ లేదు. చూచి నిలుపుకొనుట మాత్రమే ఉన్నది.

తరువాతి కాలమున శాస్త్రజ్ఞులు ప్రకృతి కొరకు వేచియుండక, మొగ్గలకు కిరణములు తగిలించి ఇట్టి మార్పులను తెప్పించిరి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో కిస్ ఆఫ్ ఫైర్ అను రకమునుండి ఇట్లు సాధించినదే అభిసారిక అను గులాబి.

రంగు ఎట్లు మారును?

పెడన, బందరు అద్దకము చూచినవారికి ఇది సులభముగా బోధపడును. బట్టకు ఎరుపు ఎక్కవలెనన్న చిరివేరు ఒక్కటి చాలదు. కరక్కాయ, పాలు పట్టించవలెను, పటిక అద్దవలెను, ఆ పిమ్మట వేరు కషాయమున ఉడికించవలెను. నడుమ పటిక అద్దుట మరచినచో, తక్కిన పనులన్ని చేసినను ఎరుపు నిలువదు. పువ్వు రేకునందు గులాబి రంగు తయారగుట కూడ ఇట్లే వరుసగా సాగు పని. మార్పు వలన ఒక మెట్టు తప్పినచో రంగు ఏర్పడదు, రేకు తెల్లబడును. ఉన్న పనిని చెడగొట్టుట సులభము, లేని పనిని క్రొత్తగా కల్పించుట కష్టము. అందుచే గులాబి రంగు చెట్టునకు తెల్లకొమ్మ వచ్చుట కంటె, మొదటినుండి తెల్లనైన రకమునకు ఎఱ్ఱకొమ్మ వచ్చుట బహు అరుదు.

మరియొక సంగతి. కొమ్మ కొనయందు కణములు ఉల్లిపొరలవలె ఒకదానిపై ఒకటి పొరలుగా నుండును. మార్పు తరచు ఒక పొరలోనే కలుగును. పైపొర మారి లోపొర మారనిచో, ఆ చెట్టు రెండు రకముల కణములు గలదియై యుండును. ఒకప్పుడు లోపొర పైకి వచ్చి, క్రొత్తరంగు పూలు పూయుచున్న చెట్టునకు మరల తల్లిరంగు పూయవచ్చును. ఇది వెనుకకు తిరుగుట. గింజ సాధారణముగా లోపొరనుండి ఏర్పడును గనుక, పైపొరలో మాత్రమే మార్పుగల చెట్టు గింజనుండి ఆ రంగు రాదు. కనుక ఇట్టి కొమ్మను నిలుపుటకు కన్ను అంటు గాని, కొమ్మ నాటుట గాని తప్ప వేరు దారి లేదు.

చెరకు గడలో ఇదే కథ

గులాబి మీకు వినోదమైనచో చెరకు మీకు జీవనము. చెరకులో కూడ ఈ రంగుల మార్పు ఎంతో కాలముగా తెలిసినదే. మారిషస్ ద్వీపమున చారల చెరకు తోటలో, ఒకే దుబ్బునుండి పూర్తిగా ఆకుపచ్చని గడ ఒకటి, పూర్తిగా ఎఱ్ఱని గడ ఒకటి వచ్చుటను కాల్డ్‌వెల్ అను పరిశీలకుడు స్వయముగా చూచెను. ఒక్క తోటలోనే ఇట్టివి కనీసము రెండు వందలు చూచినట్లు అతడు వ్రాయగా, డార్విన్ తన గ్రంథపు రెండవ కూర్పులో ఆ సంగతిని చేర్చెను. ఆ ద్వీపపు చెరకు తోటలలో 1830ల నుండి పనిచేసిన కూలీలలో కోరంగి మొదలగు రేవులనుండి ఓడయెక్కిన మన తెలుగువారు కూడ ఉండిరి.

మారిషస్ పేరుగల చెరకులు మన తీరమునకు కూడ వచ్చినవి. 1890లలో గోదావరి డెల్టాలో ఎఱ్ఱకుళ్లు తెగులు చెరకును నాశనము చేసెను. అందుపై 1902లో సామర్లకోటలో పరిశోధనా క్షేత్రము ఏర్పడినది, సి.ఏ. బార్బర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఆ పనిని నడిపెను. తరువాత 1913లో అనకాపల్లి క్షేత్రము వెలసినది.

ఇందు రైతు నేర్వవలసిన పాఠములు రెండు. మొదటిది: తోటలో ఒక గడ రంగు వేరుగా నున్నంత మాత్రమున ముచ్చెలు కల్తీయని తీర్మానింపరాదు, మొగ్గ మార్పు కావచ్చును. రెండవది: రంగు మారినంత మాత్రమున తెగులును తట్టుకొను శక్తి మారదు. ముచ్చెలతో పెంచిన తోటలో గడలన్నియు ఒకే శరీరము గనుక, ఒకదానికి సోకిన తెగులు అన్నిటిని పట్టుకొనును. ముచ్చెలతోపాటే మరుసటి యేటి తోటకు పోవును. ఎఱ్ఱకుళ్లు అంతటి నష్టము చేయుటకు ఇదియొక కారణము. రంగు చూచి ఆశపడక, బరువు, రసము, కార్శి శక్తి చూచి ఎన్నుకొనవలెను.

లంకలలోని అరటి

దివిసీమ లంకల అరటి రైతులకు కూడ ఈ విషయము ముఖ్యము. తొక్క ఎఱ్ఱగా నుండు అరటికి అప్పుడప్పుడు ఆకుపచ్చ తొక్కగల పిలక వచ్చును. చెట్టు కాండమునందలి ఎరుపు కూడ తగ్గును. పండు రుచి ఇంచుమించు తల్లిదే. ఇది మొగ్గ మార్పు. ఎఱ్ఱపండ్లకు ఎక్కువ ధర వచ్చు బజారున ఆకుపచ్చ గెలలు కలిసినచో రైతునకు నష్టమే. కనుక అట్టి దుంపనుండి పిలకలు తీసి నాటరాదు.

ఎత్తునందు వచ్చు మార్పు ఇంకను లాభకరము. జమైకాలో గ్రో మిషెల్ అను పొడవాటి అరటికి హైగేట్ అను పొట్టి రకము ఇట్లే వచ్చినది. గాలివాన దెబ్బలు తినునట్టి తీరమున పొట్టి చెట్టు విలువ చెప్పనక్కరలేదు. మన తోటలో కర్పూర చక్కెరకేళి చెట్టొకటి తక్కినవాటికంటె పొట్టిగానుండి మంచి గెల వేసినచో, గెల కోసి దుంప త్రవ్విపారవేయక ఒక పిలకను వేరుగా నాటి చూడవలెను.

టిష్యూకల్చరు మొక్కలు నాటువారు మరియొక జాగ్రత్త పడవలెను. సీసాలలో అనేక తరములు పెంచుటచే మార్పు చెందిన మొక్కలు కొన్ని రావచ్చును. ఆకులు కురచగాను, దగ్గర దగ్గరగాను ఉన్న మొక్కలను నర్సరీలోనే ఏరివేయవలెను.

మోసపోవలదు

వేరు రంగు కనబడినప్పుడెల్ల మొగ్గ మార్పు కాదు. మన ప్రాంతపు గులాబి అంటులు చాలవరకు కడియము వైపు నర్సరీలనుండి వచ్చునవి. అంటుకు అడుగున నాటు గులాబి వేరు ఉండును. అంటు అతుకునకు దిగువనుండి లేచిన చిగురు నాటుమొక్కది. దాని ఆకు, ముల్లు, పువ్వు అన్నియు వేరుగా నుండును. దానిని నేలలోనికి త్రవ్వి మొదటికంట తీసివేయవలెను. లేనిచో మేలురకమును మ్రింగివేయును. మార్పు వచ్చిన కొమ్మ అతుకునకు పైన ఉండును. ఆకు, ముల్లు తల్లిని పోలి పువ్వు మాత్రమే మారును.

వేసవిలో పువ్వు రంగు వెలిసి, చలికాలమున ముదురుట వాతావరణ ప్రభావము. అది చెట్టంతటికిని వచ్చును. అరటి ఆకులు కురచబడి కొనయందు గుత్తిగా చేరి, ఈనెలమీద ముదురాకుపచ్చ గీతలు కనబడినచో అది గుత్తి తెగులు. చెరకు ఆకులపై పాలిపోయిన మచ్చలు వచ్చినచో మొజాయిక్ తెగులు కావచ్చును. ఇట్టివానిని వింతయని పెంచిన తోటంతయు పోవును. గుత్తి తెగులు మొక్కను దుంపతో సహా త్రవ్వి నాశనము చేయవలెను.

ఏమి చేయవలెను?

1. మార్పు కనబడిన దినమే కొమ్మకు రంగుదారము గాని, రేకుముక్క గాని కట్టి తేది వ్రాయవలెను. ఇంటివారికిని, తోటపనివారికిని చూపవలెను.

2. కత్తిరింపుల కాలమున ఆ కొమ్మను ముట్టరాదు. దానిపై నీడవేయు ప్రక్కకొమ్మలను మాత్రము తీయవలెను.

3. రెండు మూడు విడతల పూలు చూడవలెను. ఒక్క పువ్వు మారుట వేరు, కొమ్మ మారుట వేరు.

4. చలికాలమున ఆ కొమ్మపై పువ్వు పూచిన రెమ్మనుండి బలిసిన కన్నులు తీసి, ఆరోగ్యమైన నాటుమొక్కకు టి ఆకారపు గాటుతో అంటు కట్టవలెను. ఒక్క అంటు చాలదు, వీలైనన్ని కట్టవలెను.

5. ఆ అంటులలో రంగు నిలిచినవానినుండి మాత్రమే తిరిగి కన్నులు తీయవలెను. తల్లిరంగునకు తిరిగిన కొమ్మలను వెంటనే తీసివేయవలెను. ఇట్లు రెండు మూడు తరములు నిలిచినచో క్రొత్త రకము కుదిరినట్లే.

6. మన నల్లరేగడిలో నీరు నిలిచిన గులాబి బ్రతుకదు. మట్టి ఎత్తుచేసి, పశువుల ఎరువు కలిపి, గట్టుపై నాటవలెను.

7. చెరకు, అరటి పైరులలో మారిన దుబ్బును వేరుచాలున నాటి, ప్రక్కనే తల్లిరకమును నాటి, రెండింటిని పోల్చవలెను. పోలిక లేనిదే మేలు, కీడు తెలియవు.

గ్రామోద్యోగులకు ఒక మనవి. ఇట్టి మార్పు కలదని రైతు చెప్పినప్పుడు తేలికగా త్రోసివేయక, స్థలము, రకము, తేది వ్రాసికొని వ్యవసాయ, ఉద్యాన అధికారులకు తెలుపవలెను. అరటి విషయమున కొవ్వూరు, చెరకు విషయమున ఉయ్యూరు, అనకాపల్లి పరిశోధనా స్థానములు ఉన్నవి. రైతు నిలబెట్టిన రకమును రైతు పేరనే నమోదు చేయుటకు 2001 నాటి మొక్కల రకముల రక్షణ, రైతుల హక్కుల చట్టము అవకాశమిచ్చినది. మొదటి దినమున వ్రాసిన ఆ తేది అప్పుడు ఉపయోగపడవచ్చును.

రెండు ఇండ్లలో ఉంచుడు

1864 నవంబరు 1వ తేది ఉప్పెన బందరును ముంచినది. 1977 నవంబరు 19వ తేది ఉప్పెన దివిసీమను ముంచినది. వేలాది ప్రాణములు పోయిన ఆ దినములలో చెట్ల మాట ఎవరికి తోచును? అయినను జీవనము మరల మొదలుపెట్టవలసి వచ్చినప్పుడు రైతునకు నాటుటకు పిలక కావలెను, ముచ్చె కావలెను. వరి విత్తనము మరియొక జిల్లానుండి తెప్పించవచ్చును. ఒక్క కొమ్మనుండి పుట్టి ఒక్క పెరటిలోనే ఉన్న రకము ఉప్పునీట మునిగినచో లోకమున మరెచటను ఉండదు.

ది బ్రైడ్ నేటికిని కొన్ని తోటలలో పూయుచున్నదన్న అది న్యూజెర్సీలో ఒక్క అద్దాల యింట మిగిలిపోనందువలననే. అంటులు ఊరూర పంచిపెట్టినందువలననే అది బ్రతికినది. మీరును అట్లే చేయుడు. దివిసీమలో మీ పెరటిలో ఒక అంటు ఉన్నచో, గుడివాడలో మీ వియ్యంకులకు ఒకటి, బందరులో మీ ఆడపడుచు ఇంటికి ఒకటి పంపుడు. పంచిన మొక్క పోదు. దాచిన మొక్క పోవును.

ఈ యేడు కత్తిరింపులు మొదలుపెట్టుటకు ముందు ఒక్క ఉదయము తీరికచేసికొని, పూలచెట్టు నొకసారి, అరటి తోట నొకసారి, చెరకు చాళ్ల నొకసారి చుట్టి రండు. ఒక్క కొమ్మ వేరుగా కనబడినచో కత్తి ప్రక్కన పెట్టి దారము తీయుడు.